పాడుబడిన చారిత్రక గోల్ఫ్ కోర్సు: పునరుద్ధరణ ఎప్పుడు సమంజసం?

క్లుప్తంగా: వాడుక తప్పిన ప్రతి పాత గోల్ఫ్ కోర్సునూ మళ్లీ ఆటకు సిద్ధం చేయాల్సిన అవసరం లేదు. నేల ఆకృతి మిగిలి ఉండి, పాత రూపానికి ఆధారాలు దొరికి, తాగునీటికి గండి కొట్టకుండా నడిపే వీలున్నప్పుడే పునరుద్ధరణకు అర్థం ఉంటుంది. ఈ షరతులు తీరని చోట ఆటను వదులుకోవచ్చు గానీ ఆ ఖాళీ నేలను వదులుకోకూడదు. హైదరాబాద్ వంటి నగరానికి సంబంధించినంతవరకు ఈ రెండో విషయమే ముఖ్యమైనది.

గోల్ఫ్ అనగానే హైదరాబాద్ వాసులకు గుర్తొచ్చేవి గోల్కొండ నయాఖిల్లా లోపలి కోర్సు, గచ్చిబౌలి వైపున్న బౌల్డర్ హిల్స్, సికింద్రాబాద్ కంటోన్మెంట్ ప్రాంతంలో సైన్యం నిర్వహించే మైదానాలు. ఇవన్నీ నడుస్తున్నవే. అయితే 18 హోల్స్ (బంతిని వేయాల్సిన గుంటలు) ఉన్న ఒక కోర్సుకు సాధారణంగా వంద నుంచి నూటయాభై ఎకరాల వరకు నేల కావాలి. నగరాలు పెరిగి, లీజుల గడువులు తీరి, క్లబ్బుల ఆర్థిక స్థితి మారుతున్నకొద్దీ అంతటి నేల ఏమవుతుందన్న ప్రశ్న దేశంలోనూ బయటా తరచుగా తలెత్తుతోంది. కొన్ని చోట్ల అడవిలా మారిన పాత కోర్సును లక్షల డాలర్లు పోసి తిరిగి తెరిచారు. కొన్ని చోట్ల అదే పనిని పౌరులు అడ్డుకున్నారు. ఇరుపక్షాల వాదనల్లోనూ నిజం ఉంది కనుక, పునరుద్ధరణ అంటే సాంకేతికంగా ఏం చేస్తారో ముందు తెలుసుకోవడం మంచిది.

కోర్సులో ఏది పోతుంది, ఏది మిగులుతుంది

గోల్ఫ్ కోర్సుకు గోడలూ పైకప్పూ ఉండవు. మట్టిని ఎత్తుపల్లాలుగా మలచిన తీరే దాని నిర్మాణం. బంతిని చేర్చాల్సిన గ్రీన్ ఎటు వాలి ఉంది, ఇసుక గుంటలైన బంకర్లు ఎక్కడెక్కడ తవ్వారు, ఆట మొదలుపెట్టే చోటు నుంచి గ్రీన్ దాకా ఉండే గడ్డిదారి, అంటే ఫెయిర్‌వే, ఎంత వెడల్పుగా సాగింది అన్న మూడు విషయాల్లోనే రూపకర్త పనితనం కనిపిస్తుంది. గడ్డి కేవలం పైపొర. కోత ఆగిన కొన్ని నెలల్లోనే అది రూపు మార్చుకుంటుంది, రెండు మూడు వానాకాలాలు గడిస్తే తుమ్మ, సర్కారు తుమ్మ, లాంటానా కమ్ముకుంటాయి. చూసేవారికి అది చిట్టడవిలా కనిపించినా దాని కింద మట్టి ఆకృతి దశాబ్దాల పాటు దాదాపు అలాగే ఉండగలదు.

ఆ ఆకృతిని వెతికే పద్ధతి పురావస్తు తవ్వకాన్ని పోలి ఉంటుంది. గ్రీన్ ఉండేదనుకున్న చోట సన్నని గొట్టంతో మట్టిని నిలువుగా తీసి చూస్తే, ఏళ్ల తరబడి చల్లిన ఇసుక, కుళ్లిన గడ్డివేళ్లు ఒకదానిపై ఒకటి పొరలుగా కనబడతాయి. నాలుగడుగులు అవతల అదే గొట్టం దించితే వట్టి ఎర్రమట్టో మొరమో వస్తుంది. ఆ తేడా వచ్చిన చోటే పాత గ్రీన్ అంచు. నడుస్తున్న కోర్సుల్లో కూడా ఇది పనికొస్తుంది. కోతయంత్రం మూలల దగ్గర తిరిగేటప్పుడు ప్రతిసారీ కొద్దిగా లోపలికి కోస్తుంది కాబట్టి, ఏళ్లు గడిచేకొద్దీ గ్రీన్లు కుంచించుకుపోయి, మొదట ఎలా ఉన్నా చివరికి గుండ్రంగా తయారవుతాయి. బంకర్లలో దీనికి భిన్నంగా జరుగుతుంది. దెబ్బ కొట్టిన ప్రతిసారీ ఎగిరిన ఇసుక అంచు మీద పడి అంచు ఎత్తు పెరుగుతుంది.

దక్కన్ నేలలో అసలు ప్రమాదం చెట్ల వల్ల రాదు. చెట్టు మొలిస్తే తీయాలా ఉంచాలా అని తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. కాపలా లేని ఖాళీ స్థలంలో రాత్రివేళ మొరం తవ్వుకుపోవడం, కూల్చిన ఇళ్ల శిథిలాలను లారీలతో తెచ్చి కుమ్మరించడం మాత్రం నేల ఆకృతినే చెరిపేస్తాయి. అలా చెరిగిన చోట పునరుద్ధరణ చేశామంటే, జరిగింది కొత్త నిర్మాణమే. బన్సీలాల్‌పేట మెట్లబావి విషయంలో ఈ తేడా స్పష్టంగా కనిపించింది. దశాబ్దాల చెత్తతో పూడిపోయినా రాతి మెట్లు, కమాన్లు కింద భద్రంగా ఉన్నందువల్లే, పూడిక తీశాక 2022 డిసెంబరులో దాన్ని పాత రూపంతో తిరిగి తెరవగలిగారు.

ఆధారాల కోసం ఎక్కడ వెతకాలన్నది తర్వాతి ప్రశ్న. అమెరికాలో 1930ల నుంచి తీసిన విమాన ఛాయాచిత్రాలు చాలా కోర్సులకు దొరుకుతాయి. మన దగ్గర సర్వే ఆఫ్ ఇండియా పటాలు ఉన్నాయి. 1908 మూసీ వరద తర్వాత లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైన హైదరాబాద్ నగర పటాలు ఉన్నాయి. 1960 నుంచి 1972 వరకు ‘కరోనా’ అనే కార్యక్రమం కింద అమెరికా నిఘా ఉపగ్రహాలు తీసిన చిత్రాలను 1995లో రహస్య జాబితా నుంచి తొలగించారు కనుక అవి కూడా అందుబాటులో ఉన్నాయి. వీటిలో బంకరు అంచు కనబడకపోవచ్చు గానీ కుంటలు, వాగులు, దారులు ఎక్కడ ఉండేవో తెలుస్తుంది.

ఇతర దేశాల అనుభవం

స్కాట్లాండ్ పశ్చిమ దీవుల్లో ఒకటైన సౌత్ యూయిస్ట్‌లో ఆ కాలపు ప్రసిద్ధ రూపకర్త ఓల్డ్ టామ్ మోరిస్ 1891లో అస్కర్నిష్ కోర్సును రూపొందించారు. ఇరవయ్యో శతాబ్దంలో అది క్రమంగా మరుగునపడింది. 2005లో దాని జాడలు మళ్లీ గుర్తించారు, 2008లో తెరిచారు. అక్కడ మట్టి తరలించాల్సిన పనే దాదాపుగా రాలేదు, ఎందుకంటే సముద్రపు గాలి పేర్చిన ఇసుకదిబ్బలనే మోరిస్ ఉన్నవి ఉన్నట్టు వాడుకున్నారు. గడ్డి కొయ్యడంలో పశువులకూ వాటా ఉంది, చలికాలంలో అక్కడ అవి మేస్తాయి. అంతటి సులువైన పునరుద్ధరణకు కూడా స్థానిక రైతులు అభ్యంతరం చెప్పారు. ఆ నేల మీద తమకున్న మేత హక్కులు దెబ్బతింటాయని వారు భూ న్యాయస్థానానికి వెళ్లారు. వాడుకలో లేని నేల అని పటంలో రాసుకున్నంత మాత్రాన అక్కడ ఎవరి వాడుకా లేదని కాదు. తెలంగాణలో గైరాను (ఊరి ఉమ్మడి మేత), శిఖం (చెరువు ముంపు) భూముల చరిత్ర తెలిసినవారికి ఈ వివాదం కొత్తగా అనిపించదు.

న్యూయార్క్ లాంగ్ బీచ్‌లోని లీడో కథ పూర్తిగా వేరు. చార్లెస్ బ్లెయిర్ మెక్‌డొనాల్డ్ రూపొందించగా 1917 ప్రాంతంలో మొదలైన ఈ కోర్సును ఆ కాలపు గొప్ప కోర్సుల్లో ఒకటిగా లెక్కించేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నౌకాదళం తీసుకోవడంతో అది అంతరించింది. పాత ఫోటోల ఆధారంగా కంప్యూటర్‌లో నమూనా తయారు చేసి, రూపకర్త టామ్ డోక్ 2023లో దాన్ని విస్కాన్సిన్ రాష్ట్రంలో, సముద్రానికి వందల మైళ్ల దూరంలో తిరిగి కట్టారు. శ్రద్ధగా చేసిన పని అది. అయినా దాన్ని పునఃసృష్టి అనాలే తప్ప పునరుద్ధరణ అనడం సరికాదు.

ఫిలడెల్ఫియాలో 1916లో మొదలైన కాబ్స్ క్రీక్ నగరపాలక సంస్థకు చెందిన కోర్సు. అమెరికా వృత్తి గోల్ఫర్ల పోటీల పరంపర అయిన పీజీఏ టూర్‌లో సభ్యత్వం పొందిన తొలి నల్లజాతి ఆటగాడు చార్లీ సిఫర్డ్‌కు అది సొంత మైదానం లాంటిది. వాగు వరదలతో ఒడ్లు కోసుకుపోయి 2020లో మూతపడిన ఈ కోర్సును బాగుచేసే బాధ్యతను ఒక స్వచ్ఛంద సంస్థ దీర్ఘకాల లీజుపై తీసుకుంది. కోర్సుతో పాటు వాగును, చిత్తడి నేలలను కూడా సరిచేయడం ఆ పథకంలో భాగం. ఆ క్రమంలో పెద్ద సంఖ్యలో చెట్లు నరికినప్పుడు చుట్టుపక్కల నివాసులు తీవ్రంగా నిరసించారు. ఎనభై తొంభై ఏళ్లుగా పెరిగిన చెట్టుకు కూడా ఒక చరిత్ర ఉంటుందన్న వారి వాదనను కొట్టిపారేయలేం.

ఇక ఒహాయోలోని అకేషియా క్లబ్‌ది నాలుగో దారి. డొనాల్డ్ రాస్ రూపొందించిన ఆ 155 ఎకరాల కోర్సు 2012లో క్లీవ్‌లాండ్ పార్కుల సంస్థ చేతికి వచ్చింది. ప్రకృతి వనంగానే ఉంచాలన్న షరతు మీద వచ్చిన ఆ నేలలో, ఆటస్థలం ఆరేందుకు ఒకప్పుడు భూమిలో వేసిన మురుగు గొట్టాలను పనిచేయకుండా చేసి, వాననీరు నిలిచేలా మార్చారు. ఒక ప్రసిద్ధ రూపకర్త పని అక్కడ పోయింది. ఆ రూపకర్తవి మరెన్నో కోర్సులు బతికే ఉన్నాయి కనుక ఆ నష్టం భరించదగ్గదేనని చెప్పవచ్చు. అరుదైన కోర్సుకు ఇదే సూత్రం వర్తించదు.

వారసత్వ సూత్రాలు చెప్పేదేమిటి

కట్టడాల పరిరక్షణకు మార్గదర్శకమైన 1964 నాటి వెనిస్ చార్టర్, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలని చెబుతుంది. చారిత్రక ఉద్యానాల కోసం 1981లో వెలువడిన ఫ్లోరెన్స్ చార్టర్ దీన్ని మరో అడుగు ముందుకు తీసుకెళ్లింది. పూర్తిగా అంతరించిన తోటను ఊహాధారాలతో కడితే దాన్ని చారిత్రక ఉద్యానంగా పరిగణించరాదని, ఒక నేల దాటివచ్చిన దశల్లో ఏ ఒక్కదానికో పెద్దపీట వేయరాదని ఆ పత్రం సారాంశం. గోల్ఫ్ కోర్సుల కోసం ప్రత్యేకంగా రాసినది కాకపోయినా, మలచిన నేలకూ పెరిగే మొక్కకూ సంబంధించినది కాబట్టి వీటికి చక్కగా సరిపోతుంది.

ఈ కొలమానంతో చూస్తే, పునరుద్ధరణ పేరుతో సాధారణంగా జరిగే ఒక పని ప్రశ్నార్థకమవుతుంది. ఆధునిక గ్రీన్ అంటే అడుగున కంకర పొర, దానిపైన దాదాపు అడుగు మందాన ఎంపిక చేసిన ఇసుక, లోపల నీరు పోయే గొట్టాలు. పాతకాలపు గ్రీన్లు మాత్రం పక్కనే ఉన్న మట్టిని ఎగదోసి చదును చేసినవి. పాత గ్రీన్‌ను తవ్విపారేసి కొత్త పద్ధతిలో కట్టి, పైన పాత వాలునే తెచ్చిపెడితే చూడడానికి ఒకేలా ఉంటుంది. పరిశోధకుడు చదవగలిగిన పొరలన్నీ మాత్రం లారీలో వెళ్లిపోయి ఉంటాయి.

దక్కన్‌లో పాత కోర్సు ఏడాది పొడవునా పచ్చగా ఉండేది కాదు

బ్రిటిష్ దీవుల వెలుపల అత్యంత పురాతనమైన గోల్ఫ్ క్లబ్ 1829లో ఏర్పడిన రాయల్ కలకత్తా. బెంగళూరు గోల్ఫ్ క్లబ్ 1876 నాటిది. బెంగాల్‌లో నీటికి కొదవలేదు. ఎండ నేలల్లోని కంటోన్మెంట్ మైదానాలకు మాత్రం పంపులూ స్ప్రింక్లర్లూ లేని రోజుల్లో వానే ఆధారం. తొలకరికి గరిక లేచేది, మాఘం దాటేసరికి ఎండిపోయేది. అందుకే దేశంలో చాలా చోట్ల గ్రీన్ల స్థానంలో బ్రౌన్స్ ఉండేవి. ఇసుకలో వాడిన నూనె కలిపి, అణగగొట్టి, గుండ్రంగా పరిచిన తలం అది. బంతి దొర్లే దారిని చెక్క పలకతో చదును చేయడం ఆటగాడి సంచి మోసే క్యాడీ పని. ఒక ఆటగాడు ఆడి వెళ్లాక అడుగుజాడలు చెరిగేలా ఆ పలకను మధ్య నుంచి అంచుదాకా లాగి, తర్వాతి వారికి సిద్ధం చేసేవాడు.

కాబట్టి ఈ ప్రాంతంలో ఒక పాత కోర్సును నిజాయతీగా పునరుద్ధరిస్తే అది వేసవిలో గోధుమరంగులోనే ఉండాలి. టీవీలో కనిపించే పచ్చదనాన్ని తెచ్చిపెట్టడం చరిత్రకు దూరం కావడమే. దాని ఖరీదు నీటిలో ఎంతో లెక్కగడితే విషయం ఇంకా స్పష్టమవుతుంది. గరిక జాతి గడ్డికి మే నెల ఎండలో రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుందాం. తడపాల్సిన విస్తీర్ణం 60 ఎకరాలైతే, అంటే దాదాపు 24 హెక్టార్లైతే, రోజుకు 12 లక్షల లీటర్లు అవుతుంది. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్న ప్రమాణంతో భాగిస్తే అది దాదాపు 9 వేల మంది నీటివాడకం. అదే 18 గ్రీన్లను మాత్రమే తడిపితే, ఒక్కొక్కటి 500 చదరపు మీటర్లు అనుకున్నా, రోజుకు 45 వేల లీటర్లు సరిపోతాయి. నాలుగైదు పెద్ద ట్యాంకర్లు. ఉజ్జాయింపు లెక్కే అయినా, వివాదమంతా ఫెయిర్‌వేల మీదే ఉందని ఇది చూపిస్తుంది.

తక్కువ నీటితో గొప్ప కోర్సు నడవదన్న అభిప్రాయం కూడా సరైంది కాదు. అమెరికాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2 కోర్సును 2010-11లో పునరుద్ధరించినప్పుడు 1943 నాటి విమాన ఛాయాచిత్రాన్ని ఆధారంగా తీసుకుని, సుమారు 35 ఎకరాల గడ్డిని తీసేసి ఇసుక నేలగా వదిలారు. దాదాపు 1,150 స్ప్రింక్లర్లు ఉన్నచోట 450 మిగిల్చారు. ఎండిన అంచులతో, అక్కడక్కడా గోధుమరంగులో ఉన్న ఆ మైదానంలోనే 2014లో పురుషుల, మహిళల యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీలు రెండూ జరిగాయి.

శుద్ధిచేసిన మురుగునీటి వాడకం తరచూ వినిపించే పరిష్కారం. అది మంచిదే గానీ షరతులు లేనిది కాదు. ఆ నీటిలో లవణాలు ఎక్కువ. ఇసుక పాలు ఎక్కువున్న చల్కా నేలల్లో వానలకు కడిగినట్టు పోతాయి, నల్లరేగడిలో మాత్రం పేరుకుని నేల చౌడుబారే ప్రమాదం ఉంది. నేల పరీక్ష చేయకుండా గొట్టం వేయడం తొందరపాటు.

ఎవరి చరిత్రను కాపాడుతున్నట్టు

వలస పాలకులు తమ వినోదానికి వేసుకున్న మైదానాన్ని ప్రజాధనంతో ఎందుకు నిలబెట్టాలన్నది న్యాయమైన ప్రశ్న. చాలా క్లబ్బులు భారతీయులను సభ్యులుగా చేర్చుకోని కాలం అది. అయితే ఆ మైదానాల్లో సభ్యులతో పాటు మాలీలు, క్యాడీలు, వారి కుటుంబాలు తరతరాలుగా పనిచేశాయి. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయుడు అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా మొదలైనవారే. అంతర్జాతీయ టైటిళ్లు గెలిచిన ఎస్.ఎస్.పి. చౌరాసియా రాయల్ కలకత్తా మైదానంలో పనిచేసిన గ్రీన్‌కీపర్ కుమారుడు. ఒక పాత కోర్సును కాపాడదలిస్తే ఈ చరిత్ర కూడా దానిలో కనిపించాలి, చుట్టుపక్కల బస్తీల పిల్లలకు అక్కడ ఆడే వీలుండాలి. సభ్యత్వ రుసుము కట్టగలిగినవారికే గేటు తెరుచుకునే పునరుద్ధరణకు ప్రజాధనం ఖర్చుపెట్టడాన్ని సమర్థించడం కష్టం.

హైదరాబాద్‌లో దీనికి మరో కోణం ఉంది. గోల్కొండ మీద 1656లో ఔరంగజేబు దాడి తర్వాత, కోటకు ఈశాన్యంగా ఉన్న ఎత్తైన ప్రదేశాన్ని కలుపుకుంటూ అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో గోడ పొడిగించారు. అదే నయాఖిల్లా. ముల్లా ఖయాలీ మసీదు, హతియాన్ కా ఝాడ్‌గా పిలిచే మహావృక్షం, పురావస్తు శాఖ తవ్వకాల్లో బయటపడిన కుతుబ్‌షాహీ తోట ఆనవాళ్లు అక్కడ ఉన్నాయి. ఆ ఆవరణలో గోల్ఫ్ కోర్సు రావడం మీద వారసత్వ కార్యకర్తలు చాలా కాలంగా అభ్యంతరం చెబుతున్నారు. అక్కడ ఆట కింద ఉన్న చరిత్ర ఆట కంటే మూడు శతాబ్దాలు పాతది. మట్టిని ఎత్తుపల్లాలుగా మలచడం, నిత్యం నీరు పెట్టడం అనే గోల్ఫ్ పనులు రెండూ భూమిలో ఉన్న పునాదులకూ పక్కనున్న గోడలకూ హాని చేయగలవు. రేపెప్పుడైనా ఏ కోట ఆవరణలోనైనా పాత కోర్సును తిరిగి తెరవాలన్న ప్రతిపాదన వస్తే, ముందు అడగాల్సింది ఆ గడ్డి కింద ఏముందనే.

ఆట లేకపోతే నేల ఏమవుతుంది

అకేషియా లాంటి ఉదాహరణలు చదివి, గోల్ఫ్ వద్దంటే వనం వస్తుందని అనుకోవడం మన నగరాల్లో తొందరపాటు అవుతుంది. 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం చెన్నై గిండీలోని మద్రాస్ రేస్ క్లబ్ లీజు రద్దు చేసి దాదాపు 160 ఎకరాలు స్వాధీనం చేసుకుంది. మద్రాస్ జింఖానా క్లబ్ గోల్ఫ్ మైదానం కూడా ఆ ఆవరణలోనిదే. వరదనీరు నిలిపే చెరువులు, పార్కు అక్కడి ప్రభుత్వ ప్రణాళిక, దానితో పాటే కోర్టు వివాదాలూ నడిచాయి. హైదరాబాద్‌లో చిరాన్ ప్యాలెస్ ఆవరణ 1998లో కేబీఆర్ జాతీయ ఉద్యానమై, ఒకప్పటి రాజకుటుంబపు నేలలో ఇప్పుడు వేలమంది నడుస్తున్నారు. దీనికి భిన్నంగా కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల నేలలో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. ఒక ఖాళీ నేల ఏ దారి పడుతుందో దాని చట్టపరమైన హోదా నిర్ణయిస్తుంది. నేల మీద గడ్డి ఉందా అడవి ఉందా అన్నది రెండో విషయం.

పాత కోర్సుకు వాడుక లేదని ప్రకటించడం వల్ల ఇక్కడే ప్రమాదం ఉంది. వినోద స్థలంగా ఉన్న భూమి ఆ ముద్ర పోగొట్టుకున్న రోజున లేఅవుట్‌కు అర్హమైన భూమిగా మారిపోవచ్చు. ఆట నిలిచిపోయినా మాస్టర్ ప్లాన్‌లో బహిరంగ స్థలమన్న హోదా నిలవాలి. 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం వంటివి కట్టడాలతో పాటు ప్రాంతాలకు కూడా రక్షణ కల్పించేందుకు ఉద్దేశించినవే కనుక, మలచిన నేలను కూడా పరిశీలనకు తీసుకోవాలని కోరడంలో తప్పులేదు.

వరద కోణం కూడా దీనితోనే ముడిపడి ఉంది. గోల్ఫ్ కోర్సులు చాలా వరకు వాగుల వెంట, కుంటల చుట్టూ వేసినవి. 2020 అక్టోబరు వానల్లో నాలాలు పొంగి కాలనీలు మునిగిన నగరానికి, వంద ఎకరాల కప్పులేని నేల రెండు మూడు రోజులు నీటిని పట్టి ఉంచితే దక్కే మేలు చిన్నది కాదు. ఫెయిర్‌వేను కొద్దిగా పల్లం చేసి వరదకు వదిలే ఏర్పాటు ఆటకు పెద్దగా అడ్డురాదు.

నిర్ణయానికి ముందు జరగాల్సిన పని

పునరుద్ధరణ ఖర్చులో ఒకసారి పెట్టేది చిన్న భాగం. ఏటా కొయ్యడం, కలుపు తీయడం, ఇసుక చల్లడం, మోటార్లు, మాలీల జీతాలు ఆగకుండా సాగాలి. చాలా పాత కోర్సులు మూతపడింది ఈ భారం మొయ్యలేకనే. తొలి కారణం తొలగకుండా మళ్లీ తెరిస్తే పదేళ్లలో అదే స్థితికి వస్తాయి. తొమ్మిది హోల్స్‌కు పరిమితం కావడం, మిగతా సగాన్ని నడకదారులకూ నీటికుంటలకూ వదలడం, ఉదయం ఆటకూ సాయంత్రం నడకకూ వేళలు కేటాయించడం వంటి మధ్యేమార్గాలు ఖర్చునూ వ్యతిరేకతనూ తగ్గిస్తాయి. బ్రౌన్స్‌ను నూనె లేకుండా, తడిపి అణచిన ఇసుకతో తిరిగి తెచ్చుకుంటే నేల పాడుకాదు, దక్కన్ గోల్ఫ్‌కు ఉన్న ప్రత్యేకతా నిలుస్తుంది.

ఏ నిర్ణయానికైనా వరుస ముఖ్యం. కంచె వేసి మొరం తవ్వకాన్ని, శిథిలాల పోతను ఆపడం మొదటి పని, అది ఏ పక్షానికీ అభ్యంతరం కాదు. తర్వాత నేల కొలతలు, మట్టి పొరల పరిశీలన, పక్షులూ చెట్ల లెక్క, మేతకో నడకకో ఇప్పటికే ఆ నేలను వాడుకుంటున్నవారి వివరాలు తీయాలి. వానాకాలం ఒకటి, ఎండాకాలం ఒకటి గడిచేదాకా గమనిస్తే నీరు ఎటు పారుతుందో, ఎక్కడ నిలుస్తుందో తెలుస్తుంది. ఆ నివేదికలో గ్రీన్ల ఆకృతి మిగిలి ఉందని తేలి, నీటికి బోరుబావి కాని ఆధారం దొరికి, టికెట్టు కొన్న ఎవరైనా ఆడగలిగే నిర్వహణ ఒప్పందం కుదిరితే ఆ కోర్సును తిరిగి తెరవడం సమర్థనీయం. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా, తీసిన కొలతలనూ పటాలనూ రాష్ట్ర అభిలేఖాగారంలో భద్రపరిచి, నేలను బహిరంగ వనంగా నోటిఫై చేయడమే సరైన మార్గం.